మాతృభాష: స్పానిష్

నేను స్పానిష్ వాణ్ణి. నవ్వకండి. తహసీల్దారు గారి సంతకం, గుండ్రటి ముద్ర పడిన కాగితం నా దగ్గరుంది. పుట్టింది ముత్తెంపాడులో, చదివింది ముత్తెంపాడు మునిసిపల్ హైస్కూల్లో, గోదావరి దాటి అవతలికి వెళ్లింది మహా అయితే నాలుగుసార్లు. అయినా రికార్డు ప్రకారం నేను స్పానిష్ మాతృభాషగా గల జూనియర్ అసిస్టెంటుని. పేరు తోట నూకరాజు. ముత్తెంపాడు పురపాలక సంఘంలో మంచినీళ్ల సెక్షను. ఇదంతా ఎలా జరిగిందో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

మా ఆఫీసులో ప్రతి సోమవారం జనం దగ్గర అర్జీలు తీసుకుంటాం. అర్జీ ఇచ్చిన ఏడో రోజున రాజధాని నుంచి అర్జీదారుకి ఫోనొస్తుంది. మాట్లాడేది మనిషి కాదు, మిషను. మీ సమస్య పరిష్కారమైన తీరు సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అంటుంది. అంతకు మించి దానికి మాట రాదు. ఈ ఒకట్లూ రెళ్లూ పోగేసి ఏ ఊరి జనం ఎంత శాతం సంతృప్తిగా ఉన్నారో నెలనెలా పట్టీ వేస్తారు. నూట పది ఊళ్లలో మాది నూట తొమ్మిది. నూట పదో ఊళ్లో ఆ నెల వరదొచ్చి సెల్ టవర్లు పడిపోయాయి, లేకపోతే ఆ ముచ్చటా మాకే దక్కేది.

మా శాతాన్ని పాతాళానికి లాగుతున్నది సున్నపుబట్టీ వీధి. అక్కడ కుళాయి నీళ్లు పచ్చగా, మురుగు కంపుతో వస్తాయి. ఆ వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న మంగాయమ్మ ఫిబ్రవరి నుంచి ప్రతి సోమవారం ఒక సీసాడు నీళ్లు పట్టుకుని మా సెక్షనుకి వచ్చేది. కొడుకు లారీ మీద తిరుగుతాడు, ఇంట్లో ఉండేది ఆవిడా, కోడలు సునీతా. సునీతకి రెండుసార్లు కడుపు నిలవలేదు. అప్పటికి మూడోసారి నెల తప్పింది. ఈసారైనా నిలబడాలని మంగాయమ్మ ఆ పిల్ల నోట్లో కుళాయి నీటి చుక్క పడనివ్వకుండా, అరమైలు దూరంలో చర్చి ఆవరణలో ఉన్న బోరు నుంచి పూటకో బిందె మోసుకొచ్చేది. అరవై దాటిన మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆవిడ అడిగేదల్లా ఒక్కటే, పైపు చూడమని. ఏడో రోజున మిషను ఫోను చేసేది, ఆవిడ రెండు నొక్కేది, మళ్లీ సోమవారం సీసా పట్టుకుని వచ్చేది.

పైపు ఎక్కడ పోయిందో మా ఫిట్టరు ఏసుపాదానికి తెలుసు. వీధి మొదట్లో కల్వర్టు కింద మంచినీళ్ల పైపు మురుగు కాలవలోంచే పోతుంది, అక్కడ జాయింటు వదిలేసింది. ఇద్దరు మనుషులు ఒక పూట తవ్వితే అయిపోయే పని అన్నాడు. ఆ ముక్కే నేను ఫైల్లో రాసి కమిషనరు గారికి పెట్టాను.

కమిషనరు విఠల్ ప్రసాద్ గారు ఫైలు చదివే రకం కాదు, ఫైలు చూసి ఆలోచించే రకం. ఆలోచించి మమ్మల్నందరినీ మీటింగ్ హాల్లో కూర్చోబెట్టారు. "పక్క మునిసిపాలిటీలో అసలు నీళ్లే రావు. అక్కడ సంతృప్తి ఎనభై ఒక్క శాతం. మన దగ్గర రోజూ నీళ్లొస్తున్నాయి, అయినా ఇరవై రెండు. దీన్నిబట్టి ఏం తేలుతోంది? లోపం పైపులో లేదు, మన కన్విన్సింగ్ పవర్‌లో ఉంది" అన్నారు. ఏసుపాదం లేచి కల్వర్టు సంగతి ఎత్తబోతే, అది సాంకేతికాంశమనీ ఇది విధానపరమైన సమావేశమనీ చెప్పి కూర్చోబెట్టారు. నేను పద్దెనిమిదేళ్లుగా ఈ ఆఫీసులో ఉన్నవాణ్ణి, ఆఫీసరు మాటలో తర్కం ఉంటే ఇట్టే పోల్చుకుంటాను. తల ఊపాను. అందరం ఊపాం.

అది మార్చి నెల. గవర్నమెంటు ఆఫీసుల్లో మార్చి అంటే ఏమిటో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు అదృష్టవంతులు. ముప్పై ఒకటో తారీఖు లోపల వాడని పద్దు వెనక్కి పోతుంది, పద్దు వెనక్కి పోతే ఆఫీసరుకి తల కొట్టేసినట్టుంటుంది. మా దగ్గర శిక్షణ పద్దు ఒకటి సీలు విప్పకుండా ఉంది. ముప్పయ్యో తారీఖున కమిషనరు గారు రాజధానిలో ఒక శిక్షణ సంస్థకి ఫోను చేశారు. ఒప్పించే సంభాషణ, నిత్యజీవితంలో ఇంగ్లీషు అని ఒక కోర్సు వాళ్ల దగ్గరుంది. తెలుగువాళ్ల కోసం చేస్తున్నది జూన్‌కి గాని తయారవదు, స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం చేసింది మాత్రం రేపే పంపగలం అన్నారు. కమిషనరు గారు క్యాలెండరు వంక చూసి, స్పానిష్‌దే పంపమన్నారు.

ఏప్రిల్ మొదటివారంలో మీటింగ్ హాల్లో నలభై మందిమి నలభై కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. తెర మీద గడ్డపాయన ఒకడు ప్రత్యక్షమై "ఓలా" అన్నాడు. మేమూ మర్యాదకి ఓలా అన్నాం. ఆ తర్వాత ముప్పావుగంట సేపు ఆయన చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నేర్పేది ఇంగ్లీషే, కానీ ప్రతి ఇంగ్లీషు మాటకీ అర్థం స్పానిష్‌లో చెబుతాడు. సంస్థ తరపున వచ్చిన మైత్రేయి మేడమ్ పాతికేళ్ల పిల్ల, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. అద్భుతమైన ప్రారంభం అంది. నేను లేచి, సార్, ఇది మనకి సరిపడేది కాదేమో, తిప్పి పంపేద్దామా అని అడిగాను. తిప్పి పంపితే ఎందుకు తెప్పించావని సంజాయిషీ అడుగుతారు, వాడితే ఎవరూ ఏమీ అడగరు అన్నారు కమిషనరు గారు. కోర్సు మారే ప్రశ్న లేదు కాబట్టి మారాల్సింది మేమేనని తేలింది.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "సదరు కోర్సు స్పానిష్ మాతృభాషీయులకు మాత్రమే ఉద్దేశింపబడినందున, మంచినీటి, పారిశుధ్య, రెవెన్యూ విభాగముల సిబ్బంది యావన్మందియు తమ మాతృభాషను స్పానిష్‌గా నమోదు చేయించుకొని, తగు ధ్రువపత్రమును పది దినములలోగా సమర్పించవలెను." ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. మా ఆఫీసులో ఆ దూడకి జనన ధ్రువపత్రం కూడా అడుగుతారు. అందరం తహసీల్దారు ఆఫీసు ముందు లైను కట్టాం.

ఒక్క వారంలో ఊళ్లో నలభై మంది స్పానిష్ వాళ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారని తహసీల్దారు గారు అడగలేదు. దరఖాస్తు మూడు కాపీలు లేవేమని అడిగారు. మా అమ్మ నాతో ఏ భాషలో మాట్లాడేదో ఆధారం కావాలన్నారు. అమ్మ పోయి తొమ్మిదేళ్లయిందంటే, విచారణకి ఆదేశించారు. వీఆర్వో మా వీధికొచ్చి ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి పంచనామా రాశాడు. "సదరు నూకరాజు శైశవమునందు ఆకలి వేసినప్పుడు స్పానిష్ భాషలోనే ఏడ్చెడివాడనియు, అన్య భాషలో ఏడ్వగా తాము ఎన్నడును వినియుండలేదనియు ఇరుగుపొరుగువారు వాంగ్మూలమిచ్చిరి." సంతకాలు పెట్టిన పెద్దమనుషులిద్దరూ నాకు బాగా కావలసినవాళ్లే. ఆ సాయంత్రం వాళ్లిద్దరికీ వేడి పకోడీలు తినిపించాను.

తహసీల్దారు నమ్మాడు గాని కోర్సు చెప్పే మిషను నమ్మలేదు. పాఠం మొదలుపెట్టే ముందు అది స్పానిష్‌లో చిన్న పరీక్ష పెడుతుంది. నలభై మందికీ సున్నా వచ్చింది. అప్పుడు మైత్రేయి మేడమ్ వారధి కోర్సు అని ఒకటి కనిపెట్టింది. ముందు స్పానిష్ నేర్చుకోవాలి, స్పానిష్ ద్వారా ఇంగ్లీషు నేర్చుకోవాలి, ఇంగ్లీషు ద్వారా ఒప్పించడం నేర్చుకోవాలి, నేర్చుకున్నాక వెళ్లి తెలుగువాళ్లని తెలుగులో ఒప్పించాలి. మన ఊరివాళ్లతో మాట్లాడ్డానికి ఇంత దూరం తిరిగి రావాలా అని వెనక బల్లలోంచి ఎవరో గొణిగితే, తిరిగితేనే దృక్పథం విశాలమవుతుంది అంది. కమిషనరు గారు ఆ మాట నోట్ చేసుకున్నారు.

స్పానిష్ వచ్చినవాడు ముత్తెంపాడు మొత్తం మీద ఒక్కడే దొరికాడు. సరుకు ఓడల్లో పదిహేడేళ్లు వంటచేసి వచ్చిన ముసలాయన. ఆయనకి తెలిసిన స్పానిష్‌లో సగం ఉల్లిపాయలు, చేపలు, మూకుళ్లు. తక్కిన సగం చెయ్యి కాలినప్పుడు వంటింట్లో అనుకునే మాటలు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా అవే వల్లెవేశాం. రెవెన్యూ హెడ్ క్లర్కు గారు ఎంతకీ గాడిలో పడలేదు, ఎదురైన ప్రతివాడితోనూ నమస్కారమనుకుని చేపని సన్నగా తరుగు అనేవారు. బయట వరండాలో అర్జీలు పట్టుకుని జనం కూర్చునేవాళ్లు. మంగాయమ్మ కూడా వాళ్లలోనే సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. సిబ్బంది శిక్షణలో ఉన్నారు, వచ్చే వారం రండి అని తలుపు మీద కాగితం అంటించాం.

మే నెలాఖరుకి మిషను మమ్మల్ని లోపలికి రానిచ్చింది. అందరికంటే ఎక్కువ మార్కులు ఏసుపాదానికి వచ్చాయి. ఎనిమిదో తరగతితో ఆపేసిన మనిషి, పంపుహౌసులో కూర్చుని పగలంతా బిగ్గరగా చదివేవాడు. కానీ అతని మనసంతా కల్వర్టు మీదే. ఒక్క రోజు సెలవిస్తే తవ్వి జాయింటు వేసి వస్తానని అడిగాడు. తొంభై ఐదు శాతం హాజరు లేకపోతే సర్టిఫికెట్ రాదు కాబట్టి సెలవు కుదరదు, మరీ అవసరమైతే నాలుగో పాఠంలో చెప్పిన పద్ధతిలో ఒప్పించేలా అర్జీ పెట్టుకోమన్నారు కమిషనరు గారు. కల్వర్టు దగ్గర పైపు పోయింది, తవ్వాలి అని రాశాడు. ఆర్ద్రత లోపించినది అని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. సున్నపుబట్టీ వీధిలో పిల్లలు ఆ నీళ్లే తాగుతున్నారని కళ్లనీళ్లొచ్చేలా రాశాడు. ఆధారములు జతపరచలేదు అని తిరిగొచ్చింది. మూడోసారి నీళ్ల సీసా జతపరిచాడు. ఇన్‌వర్డులో ద్రవపదార్థములు స్వీకరించబడవు అన్నారు. ఏసుపాదం ఆ సీసా తీసుకెళ్లి తన సైకిలు బుట్టలో పెట్టుకున్నాడు.

కోర్సు మాత్రం చెడ్డది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆరో పాఠంలో మాడ్రిడ్‌లో అద్దెకున్న ఒకామె చలికాలంలో హీటరు చెడిపోతే, ఇంటి ఓనరుతో చక్కగా మాట్లాడి బాగుచేయించుకుంటుంది. ఆ పాఠం రాసినవాడెవడో గాని పాపం అర్జీదారు పక్షం మనిషి. మైత్రేయి మేడమ్ దాన్ని మాకు తిరగేసి చెప్పింది. ఇక్కడ మనం ఓనరు పాత్రలో ఉన్నాం, హీటరు ముట్టుకోకుండానే ఆమెకి చలి లేదనిపించాలి, అదే మన లక్ష్యం అంది. దానికి మెట్లు నేర్పింది. ఎదుటివాళ్లకంటే కింద కూర్చోవాలి. వరస పెట్టి పిలవాలి. వాళ్ల కష్టం వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పాలి. రెండు చిన్న విషయాలకి అవుననిపించి, మూడోది పెద్దది ముందు పెట్టాలి. నాకెందుకో ఈ విద్య చేతికి బాగా పట్టుబడింది.

జూన్ రెండో వారంలో ఆఖరి పరీక్ష. ఒక్కొక్కరూ రెండు నొక్కుతున్న ఒక అర్జీదారు చేత ఒకటి నొక్కించాలి. నొక్కించలేనివాళ్లని డంపింగ్ యార్డుకి మారుస్తారు. నాకు మంగాయమ్మని ఇచ్చారు.

పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ కుర్చీ వేస్తే వద్దని అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాను. పిన్నిగారూ అన్నాను. టీ పెట్టి ఇచ్చింది. మోకాళ్లు బాగా సలుపుతున్నాయి కదూ అంటే అవునంది. చర్చి దాకా బిందె మొయ్యడం ఈ ఎండల్లో ప్రాణం తీస్తోంది కదూ అంటే అవునంది. అప్పుడు మూడోది మొదలుపెట్టాను. నీళ్లకి వాసనొస్తున్న మాట నిజమే, అది నీళ్లలో కలిపే మందు వాసన అన్నాను. రంగు కూడా నిజమే, అది ఇనుము అన్నాను. సునీతకి ఆసుపత్రిలో బలానికి ఇనుము మాత్రలు ఇస్తున్నారా లేదా అని అడిగాను. ఇస్తున్నారంది. అదే ఇనుము పిన్నిగారూ, మీ కుళాయిలో ఊరికే వస్తోంది అన్నాను. ఆ ఇనుము ముక్క ఏ పాఠంలోనూ లేదు, నా సొంతం.

మంగాయమ్మ నా చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంది. "ఆఫీసోళ్లు నా గడప తొక్కడం ఇదే మొదలు బాబూ. కింద కూకుని నా మోకాళ్ల గురించి అడిగారు. ఇంత మర్యాదగలోళ్లు, మీరు అబద్దం చెప్తారేంటి" అంది. గుమ్మంలో నిలబడి వింటున్న సునీత కూడా నవ్వింది. అప్పటికి ఆ పిల్లకి అయిదో నెల. నాకిచ్చిన టీ చర్చి బోరు నీళ్లతో పెట్టినదే, ఇంటికొచ్చిన మనిషిని కదా.

ఏడో రోజున మంగాయమ్మ ఒకటి నొక్కింది. బిందె మొయ్యడం మానేసింది. నేను ఆ సాయంత్రం ఇంటికి పావుకిలో జిలేబీ తీసుకెళ్లాను. దాచేదేముంది, అప్పుడు నాకు సిగ్గెయ్యలేదు, గర్వమేసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒక పని మొదలుపెట్టి పూర్తిచెయ్యడం అదే మొదటిసారి.

తక్కినవాళ్లు కూడా తలా ఒకర్ని ఒప్పించారు. ఆ ఒకరూ పక్కింటివాళ్లని ఒప్పించారు. వీధి లైట్లు లేనివాళ్లు చీకట్లో చుక్కలు బాగా కనిపిస్తున్నాయన్నారు. చెత్తబండి రానివాళ్లు చప్పుడు లేక ప్రశాంతంగా ఉందన్నారు. జూలై పట్టీలో ముత్తెంపాడు తొంభై ఎనిమిది శాతంతో మొదటి స్థానంలో నిలబడింది. రాజధాని నుంచి పెద్దలొచ్చారు. టౌన్‌హాల్లో సభ, బాజాలు, బిర్యానీ పొట్లాలు.

"ఒక్క గునపం ఎత్తకుండా, ఒక్క గజం తవ్వకుండా, కేవలం మాటతో ఈ విజయం సాధించామని సవినయంగా మనవి చేస్తున్నాను" అన్నారు కమిషనరు గారు. చప్పట్లు మోగాయి. నాకు వేదిక మీద ఉత్తమ సంభాషణకర్త అని షీల్డు ఇచ్చారు. ఫొటో కోసం నవ్వుతూ నిలబడి ఉండగా ఏసుపాదం సభ మధ్యలోంచి నడిచొచ్చి వేదిక పక్కన ఆగాడు. సున్నపుబట్టీ వీధివాళ్లు పంతొమ్మిది మంది పచ్చకామెర్లతో ఏరియా ఆసుపత్రిలో పడ్డారని, వాళ్లలో సునీత కూడా ఉందని చెప్పాడు. కడుపుతో ఉన్నవాళ్లకి ఆ జబ్బు రాకూడదంట నూకరాజు గారూ, డాక్టరు మొహం చూస్తే నాకు భయమేసింది అన్నాడు.

నేను కమిషనరు గారి చెవిలో వేశాను. ఆయన మళ్లీ ఆలోచించారు. పంతొమ్మిది ఒకట్లు రెళ్లయిపోయే ప్రమాదం ఉందన్నారు. నాకు ఆ ముసలావిడతో సత్సంబంధం ఉంది కాబట్టి వెంటనే వెళ్లి వారి సంతృప్తి చెదరకుండా చూడమన్నారు. వీలైతే డాక్టరుకి కూడా నచ్చజెప్పి, కామెర్లు అనే మాట బదులు స్వల్ప వర్ణభేదం అని రాయించమన్నారు. షీల్డు బల్ల మీద పెట్టేసి ఏసుపాదం సైకిలు వెనక ఎక్కాను.

ఆడవాళ్ల వార్డులో సునీత మంచం కిటికీ పక్కన ఉంది. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని పడుకుంది. మంగాయమ్మ నన్ను చూడగానే లేచి, నా కోసమే చూస్తున్నట్టు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మంచి టయానికి వచ్చారు బాబూ. ఆ డాక్టరు కుర్రోడికి మీరన్నా చెప్పండి. కుళాయి నీళ్లు పట్టొద్దంటన్నాడు. అందులో ఇనుముందని ఆడికి తెలీదు కాబోలు. ఒంట్లో బాగోనప్పుడే కదా పిల్లకి బలం కావాలి, అందుకే నేను తెచ్చి ఎవరూ చూడకుండా పడతన్నాను" అంది. మంచం కింద గుడ్డసంచీలోంచి లీటరు సీసా తీసి చూపించింది.

ఆ సీసా లాక్కుని కిటికీలోంచి బయటికి ఒంపేశాను. పిన్నిగారూ, నేను మీకు అబద్ధం చెప్పాను, అందులో ఇనుమూ లేదు నా బొందా లేదు, మురుగు కలుస్తోంది, ఆ సంగతి నాకు ముందే తెలుసు అన్నాను. ఆవిడ నవ్వింది. నేనేదో కంగారుపడి అంటున్నాననుకుంది. మళ్లీ చెప్పాను. కల్వర్టు సంగతి, జాయింటు సంగతి, ఫైలు సంగతి మొత్తం చెప్పాను. వార్డులో వాళ్లందరూ మా వంకే చూస్తున్నారు. మంగాయమ్మ మొహంలో నవ్వు మెల్లిగా పోయింది గాని, నమ్మకం రాలేదు.

"ఆ రోజు చెప్పింది అబద్దమంటన్నారు. మరి ఇయ్యాల చెప్పేది నిజమని నాకెలాగ తెలుస్తది?" అంది.

నేర్చుకున్న విద్యంతా ప్రయోగించాను. కింద కూర్చున్నాను. పిన్నిగారూ అన్నాను. రెండు చిన్న విషయాలకి అవుననిపిద్దామని చూశాను, ఆవిడ ఒక్కదానికీ అవుననలేదు. కింద కూర్చున్న మనిషి వంక ఇప్పుడావిడ అనుమానంగా చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దానిక్కూడా ఆవిడ తొణకలేదు. ఇక చేసేది లేక, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లాను.

గునపం పట్టుకుని సైకిలు మీద మా వెనకే వచ్చిన ఏసుపాదం ఎవరి సంతకం కోసమూ చూడలేదు. కల్వర్టు మీది పలక తిరగేసి, నడుంలోతు మురుగులోకి దిగాడు. నేను చొక్కా విప్పి పక్కన దిగాను. గంటన్నర తవ్వితే పైపు బయటపడింది. జాయింటు దగ్గర నా పిడికిలి పట్టేంత సందు, అందులోంచి కాలవ నీళ్లు గుడగుడమంటూ లోపలికి పోతున్నాయి. ఇంకా కుళాయిలు వదిలే వేళ కాలేదు. వీధివాళ్లందరూ గట్టు మీద మూగారు. మంగాయమ్మ వంగి ఆ సందు చూసింది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. గట్టు మీద కూలబడి తన చెంపలు తనే వాయించుకుంది. ఆ దెబ్బలు నాకు తగిలినా బాగుండేది. నేను మురుగులో నిలబడి తల దించుకున్నాను. చీకటి పడే లోపల ఏసుపాదం జాయింటు బిగించాడు.

మర్నాడు మెమో వచ్చింది. "సంపూర్ణ సంతృప్తి చెందియున్న సున్నపుబట్టీ వీధి అర్జీదారులకు, పై అధికారుల అనుమతి లేకుండా వాస్తవమును ప్రదర్శించి, వారిని అసంతృప్తికి గురిచేసినందులకు, మరియు రోడ్డు తవ్వకపు అనుమతి పొందనందులకు మిమ్ములను తక్షణమే సస్పెండు చేయడమైనది." సంజాయిషీ తెలుగులో రాసిచ్చాను. మాతృభాషలో సమర్పించలేదు అని తిప్పి పంపారు. ఏసుపాదాన్ని డంపింగ్ యార్డుకి వేశారు. ఆ మిషను చెప్పిన పాఠాలు ఇప్పుడు పక్క జిల్లావాళ్లు వింటున్నారని తెలిసింది.

సునీత ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఒక దశలో డాక్టరు తల్లో పిల్లో ఎవరో ఒకరే అన్నాడట. అందరి అదృష్టం, ఇద్దరూ దక్కారు. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు, కానీ బతికింది.

మొన్న అక్టోబరులో సున్నపుబట్టీ వీధి నీళ్లు మూడు వేర్వేరు రోజుల్లో పట్టి నేనే లేబొరేటరీకి తీసుకెళ్లి పరీక్ష చేయించాను. మూడుసార్లూ శుభ్రంగా ఉన్నాయని వచ్చింది. ఆ కాగితాలు పట్టుకుని మంగాయమ్మ బండి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. పసిపిల్ల బండి కింద ఉయ్యాల్లో నిద్రపోతోంది. పక్కన చర్చి బోరు నుంచి తెచ్చిన బిందె తడిగుడ్డ కప్పి ఉంది. పిన్నిగారూ అనడానికి నోరు రాలేదు. నిలబడే చెప్పాను. ఇప్పుడు కుళాయి నీళ్లు బాగున్నాయి, ఇవిగో కాగితాలు, మీరింక ఆ బరువు మొయ్యక్కర్లేదు, ఇది మాత్రం నిజం అన్నాను.

ఆవిడ కాగితాల వంక చూడలేదు. మడత పెట్టిన చొక్కా పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

"బాగున్నాయేమో బాబూ. నేను కాదన్ను. కానీ మీ మాట నమ్మి ఇంకోసారి చూడ్డానికి నాకు ఇంకో కోడలు లేదు" అంది. ఆ చొక్కా మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ పెట్టె అందుకుంది.